7 గ్రీన్ క్రోమిస్ వేస్తే 4 మిగిలాయి. గుంపు చేపలు ఇంటి ట్యాంక్‌లో ఎందుకు నిలవడం లేదు?

ఉప్పునీటి ఇల్లు · హైదరాబాద్ · మార్చి 16

అందరికీ నమస్తే. మాది 4 అడుగుల ట్యాంక్, నీళ్ళు 300 లీటర్ల దాకా పడతాయి. కింద నీళ్ళు వడగట్టే చిన్న తొట్టి (సంప్), నురగతో మురికి లాగే స్కిమ్మర్ ఉన్నాయి. పెట్టి 14 నెలలైంది. రెండు క్లౌన్ ఫిష్, ఒక గోబీ మొదటి నుంచీ హాయిగా ఉన్నాయి.

గుంపుగా తిరిగే చేపలు కావాలని మా పాప అడిగితే ఫిబ్రవరిలో 7 గ్రీన్ క్రోమిస్ తెచ్చాను. చెన్నై నుంచి వచ్చిన లోడులోవి. అన్నీ ఒకే సైజు, బొటనవేలంత. "గుంపు చేపలు సార్, ఎన్ని వేస్తే అంత బాగుంటాయి" అని షాపులో చెప్పారు.

మొదటి మూడు వారాలు ట్యాంక్ ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. లైటు ఒక పక్క నుంచి పడితే ఆకుపచ్చ, ఇంకో పక్క నుంచి పడితే నీలం. వేవ్ మేకర్ నీళ్ళు తోస్తుంటే ఏడూ ఒకే వైపు తిరిగి, గాలికి ఎదురు నిలబడ్డ పక్షుల్లా ఉండేవి. నాలుగో వారంలో ఒకటి కనిపించకుండా పోయింది. తర్వాత ఇంకొకటి తోక చిరిగిపోయి వెనక రాయి మూలలో దొరికింది. నిన్న మూడోది పోయింది.

నీళ్ళు చూశాను. అమోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10, ఉప్పు సాంద్రత లెక్కన 1.025, వేడి 26 డిగ్రీలు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. మేత రోజుకి ఒకసారి, రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక వేస్తాను.

పాప పొద్దున లేవగానే వాటిని లెక్కపెడుతుంది. ఇవాళ "నాన్నా, నాలుగే ఉన్నాయి" అంది. నా తప్పు ఎక్కడుందో దయచేసి చెప్పండి.


నీలిరెక్క · బెంగళూరు · మార్చి 16

నాకూ అచ్చం ఇలాగే అయింది. 9 వేస్తే ఏడాది తిరిగేసరికి ఒక్కటి మిగిలింది. అది మాత్రం నాలుగేళ్ళుగా రాయిలా ఉంది. ఈ ప్రశ్నకి సరైన జవాబు కోసం నేనూ చూస్తున్నాను.


లోన్‌స్టార్ రీఫ్ · డాలస్ · మార్చి 16

బ్రదర్, 7 తక్కువ. ఇంకో 10 వేయండి. గుంపు పెద్దదైతే పెద్ద చేప ఎవరినని తరుముతుంది? దెబ్బలు అందరికీ తలా కొంచెం పడి ఎవరూ చావరు. ఇక్కడ చాలామంది చేసేది అదే.


విశాఖ జువాలజీ · విశాఖపట్నం · మార్చి 17

ఉప్పునీటి ఇల్లు గారూ, పాప మాట చదివి మనసు చివుక్కుమంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. నేను ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ బయాలజీ చదివాను, ఇప్పుడు కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. ఇంట్లో ట్యాంక్ పెట్టి 11 ఏళ్ళు.

గుంపు అనగానే మనకి కలిసిమెలిసి ఉండే కుటుంబం గుర్తొస్తుంది. ఈ చేపలకి గుంపంటే వరస. రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు, తన ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది ప్రతి చేపకీ తెలుసు. వరస తేలినంత కాలం గొడవ ఉండదు. తేలకపోతే ఆ గొడవకి అంతుండదు.

మీ ట్యాంక్‌లో ఉన్న క్లౌన్ ఫిష్‌లనే చూడండి. పీటర్ బస్టన్ అనే శాస్త్రవేత్త పపువా న్యూ గినీలో పువ్వులా విచ్చుకుని రాయికి అతుక్కుని బతికే ఒక్కో సీ అనిమోన్‌లో కాపురముండే క్లౌన్ ఫిష్‌లని కొలిచి 2003లో నేచర్ పత్రికలో రాశాడు. అన్నిటికన్నా పెద్దది ఆడది. తర్వాతది దాని జత మగది. వాటి కింద ఇంకా పిల్లల్ని కనే వంతు రానివి మెట్లు మెట్లుగా ఉంటాయి. ఆశ్చర్యం ఎక్కడంటే, కింది మెట్టు చేప తన పైదాన్ని అందుకోకుండా తన ఎదుగుదలని తానే అదుపులో పెట్టుకుంటుంది. పైదానికి పోటీ అయ్యేంత పెరిగితే అనిమోన్ నుంచి గెంటేస్తాయి. పైన ఖాళీ ఏర్పడితే మళ్ళీ పెరుగుతుంది. నేను క్లాసులో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లలు అలా చూస్తూ ఉండిపోతారు.

క్రోమిస్ అనిమోన్‌లో ఉండదు. కొమ్మల పగడం పైన పదుల్లో, వందల్లో నిలబడి ప్రవాహంలో కొట్టుకొచ్చే ప్లాంక్టన్, అంటే కంటికి ఆనీ ఆనని సన్నటి జీవులు తింటుంది. ప్రమాదం అనిపిస్తే క్షణంలో కొమ్మల మధ్యకి దూరుతుంది. అక్కడ ఓడిన చేపకి పక్క పగడం ఉంది, దాని పక్కన ఇంకొకటి ఉంది. మీ ట్యాంక్‌లో ఓడినదానికి పోవడానికి చోటే లేదు. తరిమినది ఆగినా, తరిమించుకున్నది దాని కళ్ళ ముందే ఉంటుంది. రేపు పొద్దున మళ్ళీ అదే తరుముడు.

పైగా ఒకే సైజువి 7 తెచ్చారు. సమాన బలం ఉన్న ఏడుగురిని ఒక గదిలో పెట్టి తాళం వేసి, పెద్ద ఎవరో మీరే తేల్చుకోండి అన్నట్టు అది. అన్నింటికన్నా బలహీనమైనది ముందు పోతుంది. అది పోగానే దాని పైది చివరిదవుతుంది, ఇప్పుడు దెబ్బలన్నీ దానికే. 7 నుంచి 4కి రావడం అలాగే జరుగుతుంది.

డాలస్ తమ్ముడు ఇంకో 10 వేయమన్నాడు. నేను ఒప్పుకోను. కొన్నాళ్ళు దెబ్బలు పంచుకుంటాయన్న మాట నిజమే, కానీ అది కొన్నాళ్ళే. పెద్దయ్యాక ఒక్కోటి 8 సెం.మీ. దాటుతుంది. 300 లీటర్లలో 14 పెద్ద క్రోమిస్‌కి దాక్కునే చోట్లు ఎక్కడి నుంచి తెస్తాం? చావులు ఆగవు, కొన్ని నెలలు వెనక్కి జరుగుతాయంతే.


లోన్‌స్టార్ రీఫ్ · డాలస్ · మార్చి 17

మేడమ్, మీరు చెప్పింది అర్థమైంది. నాది 180 గ్యాలన్లు, అంటే 680 లీటర్ల దాకా. ఆ లెక్కతో 4 అడుగుల ట్యాంక్‌కి సలహా ఇచ్చాను. అది తప్పే. నా దగ్గర ఆంథియాస్ అనే ఇంకో రకం గుంపు చేపలున్నాయి, వాటి సంగతి తీరిగ్గా రాస్తాను.


ఉప్పాడ హేచరీ · కాకినాడ · మార్చి 17

అన్నా నమస్తే. నేను రొయ్య పిల్లల హేచరీలో ల్యాబ్ చూసుకుంటాను. అక్వేరియం నా సరదా.

మేడమ్ గారు చెప్పినదంతా నిజం. కానీ ఒక్క విషయం అడగాలి. మొన్న పోయిన మూడోదాని ఒంటి మీద ఏమైనా చూశారా? పక్కటెముకల దగ్గర గానీ, రెక్క మొదట్లో గానీ ఎర్రగా కమిలినట్టు ఉందా? తోక చిరిగితే తరిమినట్టు లెక్క. పక్కన ఎర్రగా ఉంటే కథ వేరు. గుర్తు తెచ్చుకుని చెప్పండి, తొందరగా.


ఉప్పునీటి ఇల్లు · హైదరాబాద్ · మార్చి 17

అవునన్నా! ఎడమ పక్క, పొట్ట పైన ఎర్రటి మచ్చ. శెనగగింజంత. పొలుసులు లేచినట్టున్నాయి. రాళ్ళకి గీసుకుందేమో అనుకున్నాను. ముందు రోజు రాత్రి దాకా మేత తింది. తోక బాగానే ఉంది. ఇప్పుడు చూస్తే మిగిలిన నాలుగింటిలో ఒకదానికి అదే చోట చిన్న గులాబీ చార కనిపిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది.


ఉప్పాడ హేచరీ · కాకినాడ · మార్చి 17

టెన్షన్ పడొద్దు, చేయాల్సింది ఉంది. అది యూరోనెమా అని నా అనుమానం. ఒంటినిండా సన్నటి వెంట్రుకలతో ఈదే ఏకకణ జీవి. క్రోమిస్‌కీ ఆంథియాస్‌కీ ఇది బాగా వస్తుంది. చర్మం కింద మొదలై కండలోకి పోతుంది. మచ్చ బయటపడ్డాక చేప చాలాసార్లు ఒకట్రెండు రోజులే ఉంటుంది. చాలామంది దీన్ని కూడా కొట్లాట చావుల్లో కలిపేస్తారు. మీ రెండో చేప తోక చిరిగి పోయింది, మూడోది మచ్చతో పోయింది. ఈ రెండూ ఒకటి కావు.

తెల్లమచ్చల జబ్బుకి వాడే కాపర్ మందు దీనికి పనిచేయదు. అదొక్కటి గుర్తుపెట్టుకోండి, కాపర్ పోసి రోజులు పోగొట్టుకోవద్దు. ఇంకోటి, ఇది చేప లేకపోయినా అడుగున ఉండే బ్యాక్టీరియా, మురికి తిని బతికేస్తుంది. ట్యాంక్‌ని రెండు నెలలు ఖాళీగా ఉంచితే పోతుందిలే అనుకోవడానికి లేదు.

మైక్రోస్కోప్ ఎక్కడైనా దొరుకుతుందా? ఆ చార ఉన్న చేపని వలతో పట్టి, తడి చేత్తో పట్టుకుని, మచ్చ అంచున సన్నటి గాజుముక్కతో, అదే కవర్ స్లిప్‌తో మెల్లగా గీకండి. ఆ జిగురుని ట్యాంక్ నీటి చుక్కలో వేసి 100 రెట్లలో చూడండి. బియ్యపు గింజ ఆకారంలో ఉన్నవి గిర్రున తిరుగుతూ అటూ ఇటూ పరిగెడుతుంటాయి. ప్రాణంతో ఉన్న చేప మీదే చూడాలి. చచ్చి గంటలు గడిస్తే కుళ్ళు తినే వేరే జీవులు చేరతాయి, అప్పుడు ఏది ఏదో తెలియదు.


ఉప్పునీటి ఇల్లు · హైదరాబాద్ · మార్చి 18

మా వీధిలో రక్త పరీక్షల ల్యాబ్ నడిపే ఆయన ఉన్నారు. రాత్రి 9కి స్లైడు పట్టుకుని వెళ్ళాను. ఆయన ముందు నవ్వారు, తర్వాత కళ్ళు పెట్టి "అబ్బో, ఎన్నున్నాయండీ" అన్నారు. నేనూ చూశాను. మీరు చెప్పినట్టే బియ్యపు గింజలు, పరుగే పరుగు.

చేపలు నాలుగింటినీ 60 లీటర్ల ట్యాంక్‌లోకి మార్చాను. పట్టడానికి రాళ్ళన్నీ బయటికి తీయాల్సి వచ్చింది. చార ఉన్నది పొద్దునకి పోయింది. ఇక మూడే.


ఉప్పాడ హేచరీ · కాకినాడ · మార్చి 18

మూడూ తింటున్నాయా? తింటుంటే ఆశ ఉంది. ఫార్మలిన్ స్నానం చేయించాలి, అంటే ఆ మందు కలిపిన నీళ్ళలో కాసేపు ఉంచాలి. బలం సీసాని బట్టి మారుతుంది కాబట్టి మోతాదు ఇక్కడ అందరి ముందు రాయను, మీ సీసా ఫొటో నాకు విడిగా పంపండి, కలిసి లెక్కేద్దాం. గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరవండి, పాపని ఆ గదిలోకి రానివ్వొద్దు. అది మనుషులకి కూడా విషమే. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గించేస్తుంది, స్నానం జరిగినంత సేపూ గాలి పంపు ఆడుతుండాలి. చేప ఒరిగితే వెంటనే మందు కలపని ఉప్పునీళ్ళలోకి మార్చాలి.


గుంటూరు పగడం · గుంటూరు · మార్చి 19

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. దాక్కునే చోటు కావాలన్నారు కదా, కొమ్మల పగడం ఎక్కడైనా కొనొచ్చా? కరెంటు పోతే ఇన్వర్టర్ మీద పంపు ఒక్కటే నడుస్తుంది నాకు, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ నడవదు.


విశాఖ జువాలజీ · విశాఖపట్నం · మార్చి 19

కొనొద్దండి. మన సముద్రాల్లోని గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఎవరైనా అమ్మజూపినా తీసుకోవద్దు. చేపకి కావాల్సింది పగడం కాదు, సందు. కొమ్మల ఆకారంలో సిరామిక్ ముక్కలు దొరుకుతాయి. రాళ్ళని గోడలా పేర్చకుండా రెండు మూడు దిబ్బలుగా విడదీసి, ఒక దిబ్బ నుంచి చూస్తే ఇంకో దిబ్బ వెనక ఏముందో కనపడకుండా పెట్టండి. తరిమే చేప కంటికి తరిమించుకునేది కనపడకపోవడమే సగం మందు.

చిల్లర్ లేకుండా గుంటూరు ఎండలో మాత్రం ఈ చేపలు వద్దండి. ముందు ఆ ఏర్పాటు చూసుకోండి.


లోన్‌స్టార్ రీఫ్ · డాలస్ · మార్చి 20

మాటిచ్చాను కదా, ఆంథియాస్ గురించి.

నా దగ్గర లైర్‌టెయిల్ ఆంథియాస్ ఉన్నాయి, ఒక మగది, ఆరు ఆడవి. ఆడవి నారింజ రంగు. మగది గులాబీ-ఊదా, వీపు మీద మూడో ముల్లు జెండా కర్రలా పొడుగ్గా ఉంటుంది. ఒక రాత్రి మూత సరిగా వేయలేదు, మగది బయటికి దూకేసింది. పొద్దున కార్పెట్ మీద చూశాను. ఆ రోజంతా పని చేయలేకపోయాను.

తర్వాత జరిగింది చెబుతాను. రెండు మూడు రోజుల్లోనే ఆడవాటిలో పెద్దది మిగతావాటి ముందుకొచ్చి, రెక్కలు విప్పి పైకీ కిందికీ ఊగుతూ ఈదడం మొదలుపెట్టింది. అచ్చం పాత మగది చేసినట్టే. రెండో వారానికి నారింజ మీద ఊదా నీడ పడింది, ముందు తల వైపు. మూడో ముల్లు రోజురోజుకీ పొడుగైంది. నెల తిరిగేసరికి మగదే! కొత్తగా ఏ చేపనీ తేలేదు. లెవ్ ఫిషెల్సన్ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త 1970లోనే ఇది రాశాడని తర్వాత చదివాను. మగది ఉన్నంతసేపూ ఆడవి ఆడవిగానే ఉంటాయి, దాన్ని తీసేస్తే ఒకటి మారుతుంది.

అంటే మేడమ్ చెప్పిన వరస ఇక్కడా ఉంది. ఈ వరసలో పైమెట్టు ఖాళీ అయితే పోట్లాడి చంపుకోకుండా ఒకటి ఎక్కింది, మిగతావి ఒప్పుకున్నాయి. నా ట్యాంక్ పెద్దది, మేత రోజుకి 5 సార్లు పడుతుంది, అందుకే కుదిరింది అనుకుంటున్నాను. మొదట్లో రోజుకి రెండుసార్లే వేసేవాడిని. అప్పుడు చిన్నవాటి పొట్టలు లోపలికి పోయి, వీపు కత్తిలా కనిపించేది. రెండు పోయాయి కూడా. అవి నా వల్లే పోయాయి.


విశాఖ జువాలజీ · విశాఖపట్నం · మార్చి 20

ఎంత బాగా గమనించావు తమ్ముడూ! ఆ ఊదా నీడ తల వైపు నుంచి రావడం రాసి పెట్టుకో, ఫొటోలుంటే ఇంకా మంచిది. మన దేశంలో కూడా కేరళలోని విజింజంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు మార్షియా ఆంథియాస్‌తో హేచరీలో పిల్లలు పెట్టించారు. సముద్రంలో పట్టకుండా హేచరీ ఆంథియాస్ మన ఇళ్ళకి వచ్చే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.


ఉప్పాడ హేచరీ · కాకినాడ · మార్చి 20

మేత మాట వచ్చింది కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ఇవన్నీ రోజంతా కొంచెం కొంచెం తినే చేపలు. రోజుకి ఒకసారి గుప్పెడు వేస్తే పెద్దది మేత పడే చోట కాపలా కాస్తుంది, చిన్నది మూల నుంచే చూస్తుంది. నాలుగుసార్లు చిటికెడు చిటికెడు వేస్తే కాపలాకి అర్థం ఉండదు.

అన్నిటికన్నా మంచిది ఆర్టీమియా పిల్లలు. ఆర్టీమియా అంటే ఉప్పునీటిలో బతికే, రొయ్యలాంటి చిన్న జీవి. మా దగ్గర రొయ్య పిల్లలకి రోజూ వేసేది అదే. ఇంట్లో కూడా చేయొచ్చు. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసేసి తలకిందులుగా నిలబెట్టండి. లీటరుకి 25 నుంచి 30 గ్రాముల ఉప్పు, నీళ్ళు 28 డిగ్రీలు, అర చెంచా గుడ్లు. గాలి గొట్టం మూత దాకా దించి బాగా పొంగేలా వదలండి. పైన లైటు ఆపొద్దు. 24 గంటల్లో నీళ్ళు ఇటుక రంగు తిరుగుతాయి.

అప్పుడు గాలి ఆపి పది నిమిషాలు ఆగండి. ఖాళీ డొల్లలు పైకి తేలతాయి, పొదగని గుడ్లు అట్టడుక్కి పోతాయి. మధ్యలో ఒక పక్క టార్చి పెడితే పిల్లలన్నీ వెలుగు దగ్గరికి చేరి నారింజ మబ్బులా కనిపిస్తాయి. సన్న గొట్టంతో ఆ మబ్బుని మాత్రమే లాగి, పల్చటి గుడ్డలో వడగట్టి, మంచి నీళ్ళతో కడిగి వేయండి. డొల్లలు ట్యాంక్‌లో పడకూడదు. పొదిగిన కొద్ది గంటల్లోనే వేసేయాలి, ఆలస్యమైతే వాటి ఒంట్లోని పచ్చసొన కరిగిపోయి బలం తగ్గుతుంది. ఆరోజు మీ చేపల్ని చూడండి. పెద్దదీ చిన్నదీ తేడా లేకుండా ట్యాంక్ అంతా పరుచుకుని ఒక్కోటీ ఏరుకుని తింటాయి.


నీలిరెక్క · బెంగళూరు · ఏప్రిల్ 2

మరి చిన్న ట్యాంక్‌లో నిజంగా గుంపుగా ఉండే చేప ఏదైనా ఉందా? బాంగాయ్ కార్డినల్ అనే చేప అలా ఉంటుందని విన్నాను.


విశాఖ జువాలజీ · విశాఖపట్నం · ఏప్రిల్ 2

బాంగాయ్ వద్దండి, రెండు కారణాలు. చిన్నప్పుడు గుంపుగా ఉంటాయి, పెద్దయ్యాక రెండు జత కట్టి మిగతావాటిని బతకనివ్వవు. రెండోది, అవి ఇండోనేషియాలో సులవేసి పక్కన బాంగాయ్ దీవుల్లో మాత్రమే పుట్టిన చేపలు. 1994లో జెరాల్డ్ అలెన్ మళ్ళీ వెలుగులోకి తెచ్చాక అక్వేరియాల కోసం విపరీతంగా పట్టారు. 2007 నుంచి అంతరించే ముప్పున్న జాతుల ఎరుపు జాబితాలో ఉన్నాయి. మగది గుడ్లనీ పిల్లల్నీ దాదాపు నెల రోజులు నోట్లో పెట్టుకుని, తిండి మానేసి మోస్తుంది. అలాంటి చేపని సముద్రం నుంచి లాక్కొచ్చింది కొనడం నాకు మనసొప్పదు. కావాలంటే హేచరీలో పుట్టినదని ఖాయంగా తెలిశాక, ఒక జత మాత్రమే.

పైజామా కార్డినల్ పెట్టండి. ఎర్ర కళ్ళు, వెనక సగం చుక్కలు, నెమ్మది. ఐదు కలిపి నా దగ్గర ఆరేళ్ళుగా ఉన్నాయి. పగలంతా ఒకే చోట గాలిలో వేలాడినట్టు నిలబడతాయి, లైటు తగ్గాకే కదలిక. పరుగులు కావాలనుకునే వాళ్ళకి నచ్చకపోవచ్చు. నాకు ఆ నిదానమే ఇష్టం. ఫైర్ ఫిష్ కూడా గుంపని అమ్ముతారు, అది ఒకటి లేదా జత, అంతకు మించి వద్దు.


ఉప్పునీటి ఇల్లు · హైదరాబాద్ · సెప్టెంబర్ 6

ఐదు నెలల తర్వాత వస్తున్నాను, క్షమించండి. ఇన్నాళ్ళూ మంచి వార్త చెప్పాలనే ఆగాను.

మూడు క్రోమిస్‌లూ బతికాయి. స్నానాలు అయ్యాక ఆరు వారాలు విడిగానే ఉంచాను, మచ్చ మళ్ళీ రాలేదు. ఆ లోపు మెయిన్ ట్యాంక్‌లో రాళ్ళని మేడమ్ చెప్పినట్టు మూడు దిబ్బలు చేశాను. మూడింటినీ ఒకే రోజు, లైటు ఆపేసి వదిలాను. ఇప్పుడు సైజులు తేడా వచ్చేశాయి, పెద్దది, నడిమిది, చిన్నది. పెద్దది రోజుకి నాలుగైదుసార్లు మిగతావాటి మీదికి వెళ్తుంది, కానీ జానెడు దూరంలో ఆగిపోతుంది. తోకలు చిరగడం లేదు. మేత నాలుగుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు మా అమ్మ వేస్తుంది. ఆదివారం ఆర్టీమియా.

జూన్‌లో ఐదు పైజామా కార్డినల్స్ తెచ్చి, ఆరు వారాలు విడిగా ఉంచి కలిపాను. అవీ బాగున్నాయి.

రాత్రి 9కి లైటు తగ్గించినప్పుడు పాప, నేను నేల మీద కూర్చుని చూస్తాం. పెద్ద క్రోమిస్ కుడి దిబ్బలో పై సందులోకి, నడిమిది మధ్య దిబ్బ వెనక్కి పోతాయి. చిన్నది ఎడమ రాయి కింద ఒక బొక్క ఎంచుకుంది. ముందు తోక లోపలికి పెట్టి, వెనక్కి వెనక్కి జరిగి, మూతి ఒక్కటి బయట ఉంచి పడుకుంటుంది. మూతి కనపడగానే పాప "మూడు" అని లేచి వెళ్ళి పడుకుంటుంది.


ఉప్పాడ హేచరీ · కాకినాడ · సెప్టెంబర్ 6

చాలా సంతోషం అన్నా. ఆర్టీమియా గుడ్ల డబ్బా మూత తీశాక గాలి తగలకుండా, తడి లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే పొదగడం తగ్గిపోతుంది. అయిపోయాక చెప్పండి, కొరియర్ చేస్తాను. పాపని అడిగానని చెప్పండి.